ముందు ఈ సినిమా సరిగ్గా తీయండి

సంపాదకులు గారికి నమస్కారం.

పొద్దున్నే పేపర్ రాగానే నేను ముందు తీసేది సినిమా పేజీ, చిన్నప్పట్నుంచీ అదే అలవాటు. హాలీవుడ్‌లో పేరున్న సిరీస్ ఏదైనా కొత్తగా మళ్లీ మొదలుపెట్టి అది ఆడకపోతే చాలు, రాసేవాళ్లందరూ ఒకటే మాట రాస్తున్నారు, అభిమానులకి పాత జ్ఞాపకాల పిచ్చి, వాళ్లకి ఏం తీసినా నచ్చదు అని. ఇది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటోంది. నేనూ ఆ అభిమానుల్లో ఒకడ్నే, మా బాధ అది కాదండి. కొంచెం పొడుగు ఉత్తరమే, ఓపిగ్గా చదవండి.

నాకు బాగా తెలిసింది 'ది మమ్మీ' కాబట్టి దాని గురించే చెప్తాను. 1999లో వచ్చిన సినిమా. మేం థియేటర్లో చూళ్లేదు, దసరా సెలవుల్లో మా వీధి కేబుల్ ఆయన రాత్రి అన్నాలయ్యాక సీడీ వేస్తే చూశాం. ఇంగ్లీషు మాకెవరికీ సరిగ్గా అర్థం కాదు, అన్నయ్య ఇంటర్ చదువుతున్నాడు కాబట్టి తనే పక్కన కూర్చుని కథ చెప్తున్నాడు. మొదట్లోనే హీరోయిన్ లైబ్రరీలో నిచ్చెన ఎక్కి పుస్తకాలు సర్దుతుంటే నిచ్చెన తూలుతుంది, ఒక ర్యాకు పోయి ఇంకో ర్యాకు మీద పడుతుంది, అది ఇంకోదాని మీద, అలా హాల్లో ఉన్న ర్యాకులన్నీ వరసగా కూలిపోతాయి, మధ్యలో ఆ అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంటుంది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న అమ్మ ఆ చప్పుడికి తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది, సినిమా అయ్యేదాకా మళ్లీ లోపలికి వెళ్లలేదు. నల్ల పురుగులు చర్మం కింద దూరి పాకే సీన్ వచ్చేసరికి మా చెల్లి కాళ్లు రెండూ మంచం మీదకి లాక్కుంది, ఆ రాత్రి లైటు ఆర్పనివ్వలేదు. భాష రాకపోయినా ఆ అమ్మాయి ఎవరు, ఆ హీరో ఎందుకు దబాయిస్తాడు, ఆ శవం ఎవరి కోసం లేచింది, అన్నీ మాకు అర్థమైపోయాయి.

అసలు ఆ సినిమా కూడా రీబూటే, అంటే పాతదాన్ని కొత్తగా మళ్లీ మొదలుపెట్టిందే కదా! యూనివర్సల్ వాళ్లే 1932లో బోరిస్ కార్లోఫ్‌తో మమ్మీ తీశారు, అది నిదానంగా నడిచే హారర్. అదే ఇమ్హోటెప్ అనే మమ్మీని తీసుకుని 67 ఏళ్ల తర్వాత డైరెక్టర్ స్టీఫెన్ సోమర్స్ ఎడారిలో నవ్వులూ పరుగులూ ఫైటింగులూ ఉన్న సాహసం సినిమా చేశాడు. పాతదాన్ని అక్షరం పొల్లుపోకుండా తీయలేదు, అయినా జనం నెత్తిన పెట్టుకున్నారు. 8 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచం మొత్తం మీద 40 కోట్ల డాలర్లు దాటింది. మార్చి తీస్తే అభిమానులు ఒప్పుకోరు అనేవాళ్లు దీనికి ఏం చెప్తారు?

ఇక 2017. అదే కంపెనీ, అదే మమ్మీ, ఈసారి టామ్ క్రూజ్. అన్నయ్య హైదరాబాద్‌లో ఉద్యోగం, నేను పని మీద వెళ్తే ఇద్దరం కలిసి మల్టీప్లెక్స్‌లో చూశాం. సినిమా మొదలవ్వగానే యూనివర్సల్ లోగో తిరుగుతూ తిరుగుతూ డార్క్ యూనివర్స్ అనే ఇంకో లోగోగా మారింది. అంటే ఈ సినిమా ఇంకా మొదలే అవ్వలేదు, దీని వెనకాల రాబోయే సినిమాల బోర్డు మాత్రం పెట్టేశారు. రిలీజ్‌కి ముందే మే నెలలో టామ్ క్రూజ్, రసెల్ క్రో, జానీ డెప్, హావియర్ బార్డెమ్, సోఫియా బౌటెల్లా అందరినీ కలిపి ఫోటో కూడా వదిలారు. విమానం కూలిపోయే సీన్ చాలా బాగా తీశారు, అది ఒప్పుకుంటాను, సీటు చేతులు పట్టుకుని చూశాను. కానీ ఆ తర్వాత కథ వెళ్లి లండన్‌లో రసెల్ క్రో ఆఫీసులో కూర్చుంది, డాక్టర్ జెకిల్ అంట, రాక్షసుల మీద పనిచేసే సంస్థ అంట, గాజు సీసాల్లో ఒక పుర్రె, ఒక చెయ్యి, అవన్నీ రాబోయే సినిమాల తాలూకు గుర్తులు. మమ్మీగా వేసిన ఆ అమ్మాయి బౌటెల్లా ఎంత కష్టపడి చేసిందో కళ్లకి కనిపిస్తూనే ఉంది, పాపం ఆమెని గొలుసులతో కట్టేసి పక్కన పెట్టారు, టైటిల్ ఆమెదే అయినా. ఇంటర్వెల్లో అన్నయ్య పాప్‌కార్న్ పట్టుకుని అడిగాడు, "ఒరేయ్, మమ్మీ సినిమా ఎప్పుడు మొదలవుద్దిరా?" అని. నా దగ్గర జవాబు లేదు.

వసూళ్లు చూస్తే అది కూడా 40 కోట్ల డాలర్ల దగ్గరే ఆగింది. 18 ఏళ్లలో టికెట్ రేట్లు ఎంత పెరిగాయో, ఖర్చు ఎంత పెరిగిందో లెక్కేసుకోండి, అప్పుడు లాభాలు తెచ్చిన అంకే ఇప్పుడు ఫ్లాప్ అయింది. తర్వాత తీస్తామన్న ఫ్రాంకెన్‌స్టైన్ పెళ్లికూతురు సినిమా కూడా ఆపేశారు. 2017 మమ్మీకి కథ, స్క్రీన్‌ప్లే కలిపి ఆరుగురి పేర్లు పడ్డాయి. 1999 దానికి కథలో ఇంకో ఇద్దరి చెయ్యి ఉన్నా స్క్రీన్‌ప్లే రాసిందీ డైరెక్ట్ చేసిందీ ఒక్క సోమర్సే. ఒక మనిషి తలలో మొదలు నుంచి చివరి దాకా ఆడిన సినిమాకీ, మీటింగుల్లో ముక్కలు ముక్కలుగా అతికించిన సినిమాకీ తేడా ఇంగ్లీషు రాని మా అమ్మకి కూడా తెలిసిపోతుంది.

టెర్మినేటర్ కథా ఇంతే. 2009లో, 2015లో, 2019లో మూడుసార్లు మొదలుపెట్టారు, మూడుసార్లూ మూడు భాగాలు అనే ప్లాన్ తోనే, మూడుసార్లూ మొదటి భాగం దగ్గరే ఆగిపోయింది. 2019 దాంట్లో అయితే మొదటి నిమిషాల్లోనే జాన్ కానర్‌ని చంపేశారు. 1991 సినిమాలో వాళ్లమ్మ, ఆ మిషన్ మనిషి కలిసి ప్రాణాలకి తెగించి కాపాడిన పిల్లాడండి వాడు, చివర్లో ఆ ఇనుప మనిషి మరిగే లోహంలోకి దిగిపోతుంటే ఏడవని వాళ్లు లేరు. మనం ఏడ్చిన ఏడుపుకి విలువ లేకుండా చేస్తే కోపం రాదా, చెప్పండి.

ఇంకో కారణం చాలామందికి తెలీదు, హక్కులు. స్పైడర్‌మ్యాన్ హక్కులు సోనీ దగ్గర ఉండాలంటే ఇన్నేళ్లకోసారి సినిమా తీస్తూ ఉండాలి, లేకపోతే ఆ పాత్రని పుట్టించిన మార్వెల్ కంపెనీకి వెనక్కి వెళ్లిపోతాయి. మూడో భాగం వచ్చింది 2007లో, ఐదేళ్లకే 2012లో మళ్లీ మొదటి నుంచి, మళ్లీ సాలీడు కుట్టడం, మళ్లీ బెన్ అంకుల్ చనిపోవడం. 2015 ఫెంటాస్టిక్ ఫోర్ కూడా అదే బాపతు. గడువు తరుముతుంటే తీసే సినిమాలో చెప్పాలనే ఆత్రం ఎక్కడ్నుంచి వస్తుంది?

అభిమానుల్లో తప్పులు లేవని నేను అనట్లేదు. 2016లో ఘోస్ట్‌బస్టర్స్ వచ్చినప్పుడు లెస్లీ జోన్స్ అనే నటిని రంగు పట్టుకుని ఆన్‌లైన్‌లో తిట్టారు, ఆవిడ కొన్నాళ్లు ట్విట్టర్ వదిలి వెళ్లాల్సి వచ్చింది. అది సినిమా నచ్చకపోవడం కాదు, నీచత్వం, అలాంటివాళ్లు మావాళ్లు కాదు. కానీ వాళ్లని చూపించి టికెట్ కొని నిరాశపడ్డ అందర్నీ ఒకే గాటన కట్టొద్దు.

పాత జ్ఞాపకాల పిచ్చి అనే మాటకి కూడా జవాబు మన దగ్గరే ఉంది. 2022లో మహేష్ బాబు పుట్టినరోజుకి పోకిరి మళ్లీ వేస్తే హాళ్లు ఎలా ఊగాయో మీ పేపర్లోనే ఫోటోలు వచ్చాయి. పాతది కావాలనుకున్నప్పుడు పాతదే వెళ్లి చూస్తాం, అదెప్పుడూ మాకు అందుబాటులోనే ఉంటుంది. కొత్తదానికి వెళ్లేది కొత్త కథ కోసమే.

అది ఇస్తే ఎలా ఉంటుందో అదే యూనివర్సల్ 2020లో చూపించింది. డార్క్ యూనివర్స్ పక్కన పడేసి, తక్కువ ఖర్చుతో హారర్ తీసే బ్లమ్‌హౌస్ వాళ్లతో కలిసి 'ది ఇన్విజిబుల్ మ్యాన్' తీసింది, ఖర్చు 70 లక్షల డాలర్లు, వసూలు 13 కోట్ల డాలర్ల పైన, అది కూడా రిలీజైన కొన్ని వారాలకే కరోనాకి హాళ్లు మూతపడినా. డైరెక్టర్ లీ వానెల్ దాన్ని భర్త లాంటి మనిషి హింస నుంచి పారిపోయిన ఆడమనిషి కథ చేశాడు. కెమెరా మెల్లగా తిరిగి ఖాళీగా ఉన్న గది మూల చూపిస్తుంది, అక్కడ ఎవరూ లేరు, కుర్చీ గోడ అంతే, మనకి మాత్రం వెన్నులో చలి పుడుతుంది. ఖాళీ మూల చూపించడానికి కోట్లు ఎందుకండీ!

మన దగ్గర కూడా ఆ జబ్బు మొదలైంది కాబట్టే ఇంత రాస్తున్నాను. హిందీ జంజీర్ కథనే 1974లో ఎన్టీఆర్‌తో నిప్పులాంటి మనిషిగా తీస్తే షేర్‌ఖాన్‌గా సత్యనారాయణ గారిని ఇప్పటికీ తలుచుకుంటున్నాం, 2013లో అదే కథ తుఫాన్‌గా పెద్ద ఖర్చుతో వచ్చి ఎన్ని రోజులు నిలబడింది? ఇప్పుడైతే చివర్లో పార్ట్ 2 లీడ్ ఇచ్చి సగం కథతో ఇంటికి పంపుతున్నారు. బాహుబలి కూడా 2015లో ప్రశ్నతోనే ఆపింది కదా అంటారేమో, కానీ దానికి ముందు కాలకేయుడితో యుద్ధం కడుపునిండా చూపించి ఆపింది.

మీకు ఒక్క మనవి. ఇలాంటి సినిమా వార్త రాసేటప్పుడు బడ్జెట్ ఎన్ని వందల కోట్లో హెడ్డింగ్‌లో వేయకండి. కథ ఎవరు రాశారు, డైరెక్టర్ మధ్యలో మారాడా, తెలుగు డబ్బింగ్ మాటలు ఎవరు రాశారు, ఆ పేర్లు వేయండి. రివ్యూలో సీక్వెల్ గురించి కాకుండా ఈ సినిమా ఈ రెండున్నర గంటల్లో పూర్తయిందా లేదా అనేది మొదటి పేరాలోనే చెప్పండి, అది చదివి టికెట్ కొనాలో వద్దో మేం చూసుకుంటాం.

ఇట్లు
మీ పాత పాఠకుడు,
తెనాలి