అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్కసారి ఆగరా

శీనూ,

నీ ఉత్తరం మొన్ననే అందింది. అమ్మ పేరు మీద ఏదైనా చేయాలన్న నీ ఆలోచన చదివి నిజంగా సంతోషించాను. కానీ "ఆ కాలనీ పిల్లలకి పది కంప్యూటర్లు మాట్లాడేశాను, వచ్చే నెల ఇచ్చేద్దాం" అన్న చోట ఆగిపోయాను. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకపోతే ఇవ్వకు. ఇచ్చేసుంటే కొట్టువాణ్ణి కాస్త బతిమాలుకో.

తిట్టుకోకు. ఓసారి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టే చెబుతున్నా. మేం నలుగురం కలిసి ఒక బడికి మూడొందల పుస్తకాలూ ఓ అద్దాల బీరువా ఇచ్చాం, గుర్తుందా? ఫొటోలు పంపి నిన్ను విసిగించాను కూడా. తర్వాత ఏమైందో మాత్రం నీకు చెప్పలేదు. సిగ్గేసింది. ఏడాదికి వెళ్ళి చూస్తే బీరువాకి తాళం. పుస్తకం పోతే లెక్క తనే చెప్పుకోవాలని హెడ్మాస్టరు గారి భయం, తాళంచెవి ఆయన సొరుగులో. అద్దం నిండా వేలిముద్రలు. అన్నీ కింది రెండు అరల దగ్గరే, పిల్లల ఎత్తులో.

ఇచ్చే ముందు మేం అడగలేదని కాదురా. మీటింగు పెట్టి మరీ అడిగాం. "పుస్తకాలైతే బాగుంటుందండీ" అన్నారు. చేతిలో పుస్తకాల జాబితా పట్టుకుని వెళ్ళి అడిగితే ఇంకేమంటారు? వద్దంటే అదీ రాదేమోనని ఎవరికైనా ఉంటుంది. ఆ తాళం చూసి, మొహాలు వేలాడేసుకుని బయటికొస్తుంటే, బడి ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి మెల్లగా అంది: "ఆడపిల్లల దొడ్డికి గడియ లేదు బాబూ. ఒకతి లోపలికెళితే ఇంకొకతి బయట తలుపు పట్టుకోవాలి. బయటుండే రోజుల్లో మధ్యాహ్నానికే ఇంటికెళ్ళిపోతున్నారు." ఇంతా చేసి ఒక గడియ, నాలుగు స్క్రూలు. అరగంట పని. మీటింగులో ఆవిడకి కుర్చీ లేదు, ఆ పిల్లల్నెవరూ పిలవలేదు. పిలిచినా అంతమంది మగాళ్ళ ముందు ఆ మాట ఎలా అంటారు?

జొనాథన్ బ్రాడ్‌షా అనే బ్రిటిష్ పరిశోధకుడు 1972లోనే అవసరాల్ని నాలుగు రకాలుగా విడగొట్టాడు. నిపుణులు ఇది కావాలని తేల్చేది ఒకటి. మనిషికి లోపల అనిపించేది ఒకటి. నోరు తెరిచి అడిగేది ఒకటి. సాటివాళ్ళకున్నది మనకు లేదని పోల్చి చూస్తే బయటపడేది ఇంకొకటి. మా గడియ రెండోదాంట్లోనే ఉండిపోయింది, మూడోదాంట్లోకి రాలేదు. మేమేమో మొదటిదాంట్లో కూర్చున్నాం, మమ్మల్ని మేమే నిపుణులనుకుని.

మనలాంటి చిన్నవాళ్ళమే కాదులే, పెద్దవాళ్ళదీ ఇదే కథ. ఆఫ్రికాలో పిల్లలు రంగులరాట్నం తిప్పుతుంటే నీళ్ళు పైకొచ్చే ప్లేపంపుల సంగతి చూడు. 2006లో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ చేతుల మీదుగా 1.64 కోట్ల డాలర్ల ప్రకటన. నాలుగు వేల పంపులు పెడతామన్నారు. ఒక్కో పంపు రెండున్నర వేల మందికి నీళ్ళివ్వాలంటే పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలని 2009లో గార్డియన్ పత్రిక లెక్కగట్టింది. రోజుకున్నవి ఇరవై నాలుగే కదరా! చివరికి కొన్నిచోట్ల ఆ చక్రం తిప్పింది పెద్ద వయసు ఆడవాళ్ళే. ఏడాది పొడుగునా నీళ్ళు తోడేవాళ్ళని ముందే ఓ మాట అడిగుంటే సరిపోయేది.

అందుకని "మీకేం కావాలి" అని అడగనే అడగకు. నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేశారో చెప్పమను. ఎక్కడ ఎంతసేపు నిలబడాల్సి వచ్చింది, ఏ పని సగంలో వదిలేశారు. కిందటిసారి కష్టమొస్తే ఎవరి తలుపు కొట్టారో కూడా అడుగు. ఆ జవాబులో అక్కడ ఇప్పటికే ఆసరాగా ఉన్న మనిషి దొరుకుతుంది. సాయంత్రాలు పిల్లల్ని కూర్చోబెట్టి చదివించే అమ్మాయి ఒకతి ఉంటే, నీ డబ్బు ఆమెకి అండగా పెట్టడం మేలు. పక్కనే నీ పేరుతో ఇంకోటి తెరిచి ఆమె పిల్లల్ని లాక్కోకు.

ఇంకో కిటుకు. రాబర్ట్ ఛాంబర్స్ లాంటి గ్రామీణాభివృద్ధి పరిశోధకులు ఊళ్ళలో పనిచేసి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది: నేల మీద బొమ్మలు గీసి, ఏది ముఖ్యమో దాని మీద గింజలో రాళ్ళో పెట్టమనడం. చదువుతో పని లేదు. నేనూ చేయించాను, మనిషికి పది గులకరాళ్ళిచ్చి. ఒకావిడ ఆరు రాళ్ళు చంటిపిల్లల్ని చూసుకునే చోటు బొమ్మ మీద పెట్టింది. ఇంతలో అక్కడి పెద్దాయన భార్య వచ్చి కూర్చుంది. అంతే, ఆ ఆరు రాళ్ళు పెట్టినావిడే వంగి, చెంగు సర్దుకుంటున్నట్టు, మూడు రాళ్ళు తీసి రోడ్డు బొమ్మ మీదకి జరిపేసింది. నేను చూశానని తనకి తెలుసు. ఇద్దరం ఏమీ అనలేదు. అప్పట్నుంచి ఆడవాళ్ళతో వేరుగా, కూలికెళ్ళేవాళ్ళతో రాత్రిపూట, మంచం దిగలేనివాళ్ళతో వాళ్ళింట్లోనే కూర్చుంటున్నా. ఓపిక కావాలి, ఏం చేస్తాం.

ఇదంతా అయ్యాక కూడా వాళ్ళు కంప్యూటర్లే అంటారేమో. అంటే ఇద్దాం, నాకేం పంతం లేదు. కానీ పాడైతే ఎవరు బాగు చేయిస్తారు, గది తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది, ఈ రెండూ తేలాకే. (తాళంచెవి గురించి నాకెందుకంత పట్టుదలో నీకు తెలుసు.) తేలినదేదో వాళ్ళందరికీ చెప్పి మరీ రావాలి. ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగి అజాపజా లేకుండా పోయినవాళ్ళని వాళ్ళు చాలామందినే చూసుంటారు.

వచ్చే ఆదివారం బయల్దేరి వస్తున్నా. మీటింగులవీ పెట్టకు, ఎవరికీ ముందుగా చెప్పకు. ఊరికే నడుద్దాం. గులకరాళ్ళు నేనే తెస్తాలే, నువ్వు మాత్రం ఆ కంప్యూటర్ల కాగితం ఇంట్లోనే వదిలేసి రా.

నీ
మూర్తి