హమాలీల పిక్కలు పట్టేయడం బలహీనత కాదు

సంపాదకునికి,

గుంటూరులో మండుటెండలో మిర్చి టిక్కీలు (బస్తాలు) మోసే హమాలీలకు పిక్కలు పట్టేస్తే దానిని బలహీనతగా కొట్టిపారేయడం అన్యాయం. కండర కణంలో కాల్షియం విడుదలైనప్పుడు ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ తంతువులు ఒకదానిపై ఒకటి జారడం వల్ల కండరం సంకోచిస్తుంది. అది తిరిగి సడలాలన్నా ఏటీపీ అనే శక్తి అణువు ఖర్చు కావలసిందే, ఈ సంగతి చాలామందికి తెలియదు. చెమటతో నీరు, సోడియం కోల్పోయి అలసిన పిక్క కండరం సడలలేక, తాకితే రాయిలా తగులుతుంది. మన ఇష్టంతో నిమిత్తం లేకుండా పనిచేసే గుండె కండరంపైనా ఆ వేడిలో అదనపు భారం పడుతుంది. కనుక వేసవిలో బరువులు మోసే ప్రతిచోటా తాగునీరు, ఓఆర్‌ఎస్, నీడపట్టున విరామం తప్పనిసరి చేయాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు