మా పొట్లాల మీది ప్రొటీన్ లెక్కకు సవరణ

విశాఖలో మా చేపల దుకాణానికి వచ్చే వారందరికీ నమస్కారం. గత రెండు నెలలుగా మేము అమ్మిన ప్రతి పొట్లం మీదా, అది వంజరమైనా రొయ్యలైనా కవళ్ళైనా, 'వంద గ్రాములలో 24 గ్రాముల ప్రొటీన్' అని ఒకే చీటీ అంటించాము. ఆ లెక్క తప్పు. జిమ్‌కు వెళ్తూ ప్రతి ముద్దా తూచుకుని తినే ఒక అబ్బాయి, చేపకూ రొయ్యకూ అంకె ఒకటే ఎలా అవుతుందని అడిగేవరకు మాకు ఆ అనుమానమే రాలేదు.

ఆ 24 అన్నది ఉడికించిన రొయ్యల అంకె. ఉడికేటప్పుడు నీరు పోయి మాంసం కుంచించుకుపోతుంది కనుక వంద గ్రాములకు ప్రొటీన్ ఎక్కువగా కనిపిస్తుంది. మేము అమ్మేది పచ్చి సరుకు. పచ్చి రొయ్యలోనూ, మన రేవుకు వచ్చే చాలా చేపలలోనూ అది సుమారు 18 నుంచి 21 గ్రాములు మాత్రమే. ఎండు నెత్తళ్ళలో నీరు చాలా తక్కువ గనుక అంకె చాలా పెద్దది, కానీ ఉప్పు కూడా ఎక్కువే, పైగా ఒక్కపూటలో వంద గ్రాముల ఎండుచేప ఎవరు తింటారు?

అంకె కన్నా తూకంలోనే కొనేవారు ఎక్కువగా మోసపోతారు. తలతో, పొట్టుతో కిలో రొయ్యలు తీసుకుంటే ఒలిచాక మిగిలేది ఇంచుమించు అర కిలో. అంటే కిలో ధర చెల్లించినా చేతికి దక్కే ప్రొటీన్ వంద గ్రాముల దగ్గరే ఆగుతుంది. ప్రొటీన్ కోసమే కొనేవారికి వంజరం అక్కరలేదు, అంతకన్నా చవకైన కవళ్ళు, కానాగంతలు దానికేమీ తీసిపోవు, ఒమేగా-3 కొవ్వు కూడా వాటిలో బాగా ఉంటుంది. (ఈ వాక్యం రాయవద్దని మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది.) అయితే కానాగంతలను ఐసు లేకుండా ఉంచితే వాటి మాంసంలో హిస్టమిన్ అనే, ఒంటికి పడని విషపదార్థం పుడుతుంది, అది వండినా పోదు, అందుకే ఐసు మీద లేని కానాగంతలను ఎక్కడా, మా దగ్గరైనా సరే, కొనవద్దు.

ఇకపై ఒక్కో రకానికి వేరే చీటీ ఉంటుంది. అంకె శుభ్రం చేసిన పచ్చి మాంసానికే వేస్తాము. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం కనుక అప్పుడు ఫ్రీజర్ సరుకే ఎక్కువగా అమ్మవలసి వస్తుంది. గడ్డకట్టించినంత మాత్రాన ప్రొటీన్ తగ్గదు గానీ ముక్క కాస్త మెత్తబడుతుంది, కాబట్టి ఫ్రీజర్‌లో పెట్టిన తేదీని కూడా ఆ చీటీ మీదే రాస్తాము.