ఐపీ 65 అని అమ్మిన రిపీటరు క్యాబినెట్టు: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

తిరుపతి,
8 డిసెంబరు 2025

కస్టమర్ సేవల మేనేజరు గారికి,

విషయం: ఫిబ్రవరిలో మీ కంపెనీ సరఫరా చేసిన అవుట్‌డోర్ క్యాబినెట్టు (రేడియో రిపీటరును ఆరుబయట పెట్టుకునే రేకు పెట్టె) ఆర్డరు ప్రకారం లేకపోవడం గురించి.

అయ్యా,

ఈ క్యాబినెట్టు గురించి మీకు ఇది నా నాలుగో ఉత్తరం. ముందు మూడూ ఈమెయిళ్లు. మూడింటికీ మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఒకటే: "మీ టికెట్ నమోదైంది." అందుకే ఈసారి స్పీడ్ పోస్టులో, మొదటినుంచీ రాస్తున్నాను.

మేము తిరుపతిలో కొంతమంది హామ్ రేడియో లైసెన్సుదారులం, అంటే సొంత రేడియో సెట్లతో సరదాకు మాట్లాడుకునేవాళ్లం. చేతిలో పట్టుకునే 5 వాట్ల సెట్టుతో రేణిగుంట నుంచి చంద్రగిరికి నేరుగా మాట్లాడాలంటే మధ్యలో మిద్దెలూ గుట్టలూ అడ్డం. ఎత్తైన చోట రిపీటరు ఉంటే అది ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో 600 కిలోహెర్ట్జ్ పక్కనున్న ఇంకో ఫ్రీక్వెన్సీలో తిరిగి చెబుతుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు మా కాలనీలో కరెంటూ లేదు, ఫోన్ సిగ్నలూ లేదు. మాకంటూ ఒక రిపీటరు ఉండాలని ఆ రాత్రే అనుకున్నాం. డబ్బు కూడేసరికి మూడేళ్లు దాటింది.

శేషాచలం కొండ మీద పెట్టుకునే వీలు లేదు, అది రక్షిత అడవి. చివరికి చంద్రగిరి వైపు మామిడి తోపున్న ఒక రైతు తన గుట్ట మీద చోటిచ్చాడు, బాడుగ కూడా అడగలేదు. అక్కడ కాపలా ఉండదు. కోతులు మాత్రం ఉంటాయి. మే నెల ఎండ, అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వాన, రెండూ నేరుగా పడతాయి. ఇవన్నీ మీ సేల్స్ ప్రతినిధికి ఫోన్లో చెప్పాను. ఆయన "సార్, ఇలాంటి వాటికే మా పెట్టె" అన్నారు. అప్పుడు నేను అడిగినవి రాతపూర్వకంగా ఉన్నాయి, జత చేస్తున్నాను: 14 గేజ్ రేకు, లేత రంగు, ఎండ తగలకుండా పైన రెండో కప్పు, కేబుళ్లన్నీ అడుగు నుంచి, తలుపుకు పైనా కిందా మధ్యలో మూడు చోట్ల పడే గడియ, బోల్ట్ కట్టరుకు అందకుండా మూత ఉన్న తాళం కొక్కెం, మడత బందులు లోపలివైపు. అన్నింటికీ "ఓకే సార్" అని జవాబు వచ్చింది. దాంతో పాటు పెట్టెలోకి దుమ్మూ నీళ్లూ రావని చెప్పే ఐపీ 65 టెస్టు రిపోర్టు కూడా.

పెట్టె వచ్చిన రోజు గుట్ట మీదికి మోయడానికి నలుగురు కూలీలను పెట్టుకున్నాం. ఇద్దరే మోసేశారు. మేమూ సంతోషించాం, కూలి మిగిలిందని! తర్వాత వెర్నియర్ పెట్టి చూస్తే రేకు 1.2 మిల్లీమీటర్లు, అంటే 18 గేజ్. 14 గేజ్ అయితే 2 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ కొలతల పెట్టె 50 కిలోలు తూగాల్సింది 30 తూగింది. కొలవకుండా డెలివరీ చీటీ మీద సంతకం పెట్టడం నా తప్పు, ఒప్పుకుంటాను. కానీ 18 గేజ్ పంపి బిల్లులో 14 అని రాయడం నా తప్పు కాదు కదా.

ముదురు బూడిద రంగు వేసి పంపారు. రెండో కప్పు లేదు. మే రెండో వారంలో మధ్యాహ్నం నీడలో 42 డిగ్రీలున్నప్పుడు పెట్టె లోపల థర్మామీటరు 63 చూపించింది. రిపీటరు 25 వాట్లు బయటికి పంపాలంటే దాదాపు అంతే వేడిగా లోపల వదులుతుంది, పైగా మామూలు సెట్టులా అప్పుడప్పుడూ కాదు, ఎవరు మాట్లాడుతున్నా అది మాట్లాడుతూనే ఉండాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగమవుతుందని బ్యాటరీ కొట్టువాడు కూడా చెబుతాడు. ఇక డూప్లెక్సర్. పంపే సిగ్నలూ వినే సిగ్నలూ ఒకే యాంటెన్నా మీద కలబడకుండా వేరుచేసేది అదే. వేడికి దాని డబ్బాలు వ్యాకోచిస్తే ట్యూనింగ్ తప్పిపోతుంది, రిపీటరు తన గొంతుతో తన చెవినే మూసేసుకుంటుంది. మే నెలంతా మధ్యాహ్నాలు మాది చెవిటి రిపీటరే.

వేడి గురించి ఫిర్యాదు చేస్తే జూన్‌లో మీరొక టెక్నీషియన్‌ను పంపారు. మర్యాదస్తుడు, ఎండలో గుట్టెక్కి వచ్చాడు, ఆయన మీద నాకే కోపమూ లేదు. పక్క రేకుకు రంధ్రం కోసి ఫ్యాను బిగించాడు, ఎదురుగా జల్లెడ లాంటి జాలీ పెట్టాడు. దుమ్ము ఆపే ఫిల్టరు లేదు. "ఇలా కోస్తే ఐపీ 65 ఉంటుందా అన్నా?" అని అడిగాను. "అది ఆఫీసుకే తెలియాల సామీ" అన్నాడు. నేను అప్పుడు మీరు పంపిన టెస్టు రిపోర్టు తీసి మొదటిసారి శ్రద్ధగా చదివాను. అందులో పరీక్షించిన పెట్టె మాది కాదు. దానికన్నా చిన్న మోడలు. దానికి ఫ్యాను లేదు, జాలీ లేదు, కేబులు రంధ్రం ఒక్కటి కూడా లేదు. మూసిన డబ్బా మీద నీళ్లు కొట్టి తెచ్చిన కాగితం చూపించి రంధ్రాలున్న డబ్బా అమ్మారు.

రంధ్రాలంటే గుర్తొచ్చింది. కేబుళ్లు అడుగు నుంచి రావాలని రాసిస్తే మీ ఫ్యాక్టరీలో పైకప్పుకే మూడు కోసి పంపారు. కేబులు దూరే చోట బిగించే గ్లాండ్ల రబ్బరు కేబులు కన్నా వదులు. సిలికాన్ పూసి నెట్టుకొచ్చాం. అక్టోబరు మూడో వారం వానకు నీళ్లు కేబులు వెంబడి జారి సరిగ్గా పవర్ సప్లయి మీద కారాయి. అడుగున నీరు పోయే దారి లేదు కనుక రెండంగుళాలు నిలిచాయి. జాలీలో కందిరీగలు గూడు కూడా కట్టాయి, దాన్ని తీయడానికి వెళ్లిన మా మిత్రుడి కన్ను రెండు రోజులు తెరుచుకోలేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, తాళం ఒక్కటీ ఒక ఎత్తు.

మూడు చోట్ల గడియ అడిగితే మీరు పంపింది కరెంటు ప్యానెల్ బోర్డులకు ఉండే పావు తిప్పు తాళం. దాని తాళంచెవి మీరిచ్చినదే కానక్కర్లేదు. మార్చిలో వైరింగ్‌కు వచ్చిన ఎలక్ట్రీషియన్ తన జేబులోది తీసి తిప్పితే తలుపు తెరుచుకుంది. అందరూ నవ్వాం. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే మీకు మొదటి ఈమెయిల్ పెట్టాను, తేదీ చూసుకోండి. ఫోన్ చేస్తే మీ ప్రతినిధి "అది స్టాండర్డ్ లాక్ సార్" అన్నారు. స్టాండర్డే, అదే కదా నా బాధ. తోపు రైతు ఒక గొలుసు చుట్టి నవతాళ్ తాళం వేశాడు. "ఏంది సామీ, ఇంత డబ్బు పోసి కొన్నారు, మా గొర్రెల దొడ్డికున్న గడియ దీనికి లేదే" అన్నాడు.

నవంబరు 14 రాత్రి ఎవరో వచ్చి గొలుసు జోలికే పోలేదు. బయటికున్న మడత బందుల పిన్నులు సుత్తితో కొట్టి తలుపును అటువైపు నుంచి తీశారు. రెండు బ్యాటరీలు, పవర్ సప్లయి, ఎర్తింగ్ రాగి పట్టీ తీసుకుపోయారు. డూప్లెక్సర్‌ను పాల క్యాన్లనుకున్నారో ఏమో, వదిలేశారు. పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాం, దాని నకలు జత చేశాను.

దీని మీద మీ ఆఫీసు నుంచి ఫోన్లో వచ్చిన ఒకే ఒక్క మాట: "పెట్టె ఐపీ 65 సార్, దొంగతనానికి మా బాధ్యత లేదు." ఐపీ 65లో 6 దుమ్ము కోసం, 5 నీటి ధార కోసం. దొంగ ఏ అంకెలోనూ లేడు, ఆ సంగతి నాకూ తెలుసు. దెబ్బకు తట్టుకోవడానికి ఐకే అనే వేరే కొలత ఉంది. ఐకే 10 అంటే 5 కిలోల బరువు 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడినంత దెబ్బ. మీ పెట్టెకు ఆ ఐకే అంకెల్లో ఏదీ లేదు. అందుకే నేను ఏ అంకెనూ నమ్ముకోకుండా గడియ ఎలా ఉండాలో, బందులు ఎటు ఉండాలో మాటల్లో రాసిచ్చాను. మీరు "ఓకే" అన్నది ఆ మాటలకు.

బ్యాటరీలు మీరు ఎత్తుకుపోలేదు. వాటి డబ్బు నేను అడగడం లేదు. క్యాబినెట్టుకు కట్టిన 46,800 రూపాయలు, రవాణాకు అయిన 4,200, గుట్ట మీదికి మోయించి దిమ్మె కట్టించిన ఖర్చు 6,000, మొత్తం 57,000 రూపాయలు వాపసు ఇవ్వండి. దీని బదులు ఇంకోటి పంపుతామంటే నాకు వద్దు. కొత్త పెట్టె మా ఊళ్లోనే ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో చేయిస్తున్నాం, నేనే పక్కన నిలబడి. మీ పెట్టె తోపులోనే ఉంది, మీ ఖర్చుతో తీసుకుపోవచ్చు. తలుపు విడిగా ఉంది.

ఇంకొకటి కూడా కావాలి, అది డబ్బు కాదు. ఇదే తాళంతో మీరు ఇంకెంతమందికి అమ్మారో మీ దగ్గర లెక్క ఉంటుంది. ఊరి బయట సీసీ కెమెరాల రికార్డర్లు, నీటి మోటార్ల స్టార్టర్లు అందులో పెట్టుకున్నవాళ్లు ఉంటారు. వాళ్లకు ఒక ఉత్తరం రాసి తాళం మార్చి ఇవ్వండి. అలా చేసినట్టు నాకు ఒక నకలు పంపండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. లాభం కోసం కాక సొంత వాడకానికి కొన్నాం కనుక 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మేము వినియోగదారులమే. ఫిర్యాదు మేము ఉండే చోటే వేయవచ్చు, మీ ఊరి దాకా రావాల్సిన పని లేదు. రెండేళ్ల గడువులో ఇంకా చాలా మిగిలి ఉంది.

టికెట్ నంబరు మాత్రం పంపకండి, నా దగ్గర మూడున్నాయి.

భవదీయుడు,
(సంతకం)
తిరుపతి హామ్ రేడియో మిత్రుల తరఫున

జతపరిచినవి: బిల్లు, ఆర్డరు ఈమెయిళ్లు, మీరిచ్చిన టెస్టు రిపోర్టు, రేకు మందం కొలిచిన ఫోటోలు, మే నెల ఉష్ణోగ్రతల చీటీ, పోలీసు ఫిర్యాదు నకలు.