మా డ్రాయింగ్ పీరియడ్‌కి అండగా నిలిచిన మీ అందరికీ కృతజ్ఞతలు

ఈ ఏడు మా జిల్లా పరిషత్ హైస్కూలు వార్షికోత్సవంలో డప్పు దళంలోనూ, ముగ్గుల ప్రదర్శనలోనూ, మట్టిబొమ్మల బల్ల దగ్గరా ప్రత్యేక అవసరాలున్న పిల్లలు తోటి పిల్లలతో కలిసే ఉన్నారు. వాళ్ల కోసమని విడిగా ఏ అంశమూ పెట్టలేదు. డ్రాయింగ్ టీచరుగా నేను ఎన్నాళ్లుగానో కోరుకుంటున్నది ఇదే. ఒక్క చేతి మీద అయ్యే పని కాదిది. అందుకే సాయపడ్డవాళ్లందరికీ నలుగురి ముందూ దండం పెట్టుకోవాలనిపించింది. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందుగా మా ఊరి డప్పు పెద్దాయనకి. వినపడని పిల్లలకి సంగీతమెందుకు అనేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. డప్పు సెగకి కాచి, వినపడని ఎనిమిదో తరగతి బాబు భుజానికి తగిలించి, గుండెకి ఆనేలా సర్ది, వెనక నిలబడి వాడి చేతులు పట్టుకుని దరువు వేయించారు. డప్పు ఒంటికి ఆనించుకుని వాయించేది కదా. సిర్ర అనే లావు పుల్ల దెబ్బ ఛాతీలోకి దిగుతుంది, చిటికెన పుల్ల అనే సన్న పుల్ల దెబ్బ పైపైన చిటపటలాడుతుంది. ఆ తేడా వాడు ఒంటితోనే పట్టేశాడు. ఇక దరువు మారే చోట పెద్దాయన చెయ్యెత్తి సైగ చేయడం మొదలుపెట్టారు. వినపడే పిల్లలు కూడా ఆ సైగ చూసే దరువు మార్చాలన్నారు. దళమంతా ఒక్క తాళం మీద నిలిచింది అందువల్లేనని నా నమ్మకం. ఆటో ఖర్చు ఇవ్వబోతే అదీ తీసుకోలేదు. అయ్యా, మీ రుణం తీరేది కాదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం నుంచి వచ్చే సహిత విద్య (అందరు పిల్లల్నీ కలిపి చదివించే పద్ధతి) టీచరమ్మకి ఎంత చెప్పినా తక్కువే. పిల్లల్ని అక్కడికి పంపమనకుండా, తనే మా తరగతిలో కూర్చుని ఎవరికి ఎక్కడ అడ్డొస్తోందో చూశారు. సెరిబ్రల్ పాల్సీ (కండరాల మీద అదుపు సరిగా ఉండని స్థితి) ఉన్న పాప వేళ్లలో సన్న కుంచె నిలవదు. పాత సైకిల్ ట్యూబు ముక్క దాని చుట్టూ చుట్టించారు. పిడి లావయ్యేసరికి పట్టు దొరికింది. ఆటిజం ఉన్న బాబు తడి మట్టి ముట్టుకోడు. మట్టిని ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టి ఇస్తే, పైనుంచే నొక్కుతూ ఏనుగుని చేశాడు. చాప పరచడం, మట్టి పిసకడం, బొమ్మ చేయడం, చేతులు కడుక్కోవడం అంటూ వరసగా బొమ్మల కార్డులు గోడకి అంటించింది కూడా ఆవిడే. ఆ బాబు కోసం పెట్టిన కార్డుల్ని ఇప్పుడు తరగతంతా చూసుకుంటోంది.

ట్యూబులిచ్చిన సైకిల్ షాపు అన్నకి, చక్రాల కుర్చీ కిందికి పట్టేలా ఎత్తు కొలిచి ఏటవాలు బల్లలు చేసిచ్చిన వడ్రంగి మామయ్యకి నమస్కారాలు.

ముగ్గుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. చూపు లేని పాపకి ముగ్గు ఎలా నేర్పాలని నేను తలపట్టుకుంటే, ఏడో తరగతి అమ్మాయి వాళ్ల నాయనమ్మ చింతగింజలు పట్టుకొచ్చారు. అట్ట మీద వాటిని చుక్కల్లా అంటించి, జనపనార దారం చేతికిచ్చారు. పాప చుక్కలు తడిమి లెక్కపెట్టుకుని, దారం ఎటు తిప్పాలో తనే చెబుతుంటే పక్కనున్న స్నేహితురాలు జిగురు రాస్తూ వచ్చింది. ఆ మెలికల ముగ్గు పూర్తిగా ఆ పాప ఊహే. చూడ్డానికొచ్చినవాళ్లు దాన్ని తాకి చూడొచ్చని పక్కనే రాసిపెట్టాం. చిన్నపిల్లలు అక్కణ్నుంచి కదిలితే ఒట్టు! నాయనమ్మ గారూ, మాకు ఏ శిక్షణలోనూ దొరకని పాఠం మీరు చెప్పారు.

డప్పుల మోత తట్టుకోలేని పిల్లల కోసం, శబ్దం తగ్గించే ఇయర్‌మఫ్‌లు పంపిన మా పూర్వ విద్యార్థులకి థాంక్స్. వరండా చివర చాప పరిచి, తెర కట్టి, ఎవరికి ఉక్కిరిబిక్కిరిగా ఉన్నా వెళ్లి కాసేపు కూర్చుని రావచ్చన్నాం. ఎందుకు వెళ్లావని ఎవరూ అడగలేదు.

హెచ్ఎం మేడమ్ గారికి ప్రత్యేకంగా. "ప్రోగ్రాం చెడుతుందేమో, వీళ్లకి డిసెంబర్ 3న, దివ్యాంగుల దినోత్సవం నాడు విడిగా పెడదాం" అని ఒకరిద్దరు పెద్దలు సలహా ఇచ్చారు. ఆవిడ 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తీసి, 29వ సెక్షన్ వినిపించారు. కళలు, సాంస్కృతిక కోర్సుల్ని వైకల్యం ఉన్నవాళ్లూ పాల్గొనేలా మార్చాలని అందులో ఉంది. ప్రభుత్వాలతో పాటు స్థానిక సంస్థల మీద కూడా ఆ బాధ్యత పెట్టారు. మనది జిల్లా పరిషత్ బడే కదా అన్నారు మేడమ్. ఆ మాటతో చర్చ ముగిసింది. డిసెంబర్ 3న ఆటలూ బహుమతులూ ఉండాల్సిందే. కానీ ఏడాది పొడుగునా పక్కన కూర్చోబెట్టి ఒక్కరోజు చప్పట్లు కొట్టడం ఏ బిడ్డకీ చాలదు.

రిహార్సల్ ఉన్న సాయంత్రాల్లో కూలి పని తొందరగా ముగించుకుని వచ్చిన తల్లులకీ, చక్రాల కుర్చీ స్టేజీ మీదకి చేరేలా చెక్క ర్యాంపు మోసుకొచ్చి వేసిన పదో తరగతి పిల్లలకీ నా ప్రేమ.

ఏటవాలు బల్ల కొలతలు, బొమ్మల కార్డుల కాపీలు నా దగ్గర ఉన్నాయి. ఏ బడి టీచరైనా అడగండి, పంపిస్తాను. చూసి నేర్చుకుందామంటే మా డ్రాయింగ్ పీరియడ్‌కే రండి. డప్పు పెద్దాయన కూడా, దగ్గరి ఊళ్లయితే పిలిస్తే వస్తానన్నారు.