పైఫ్లోర్ ఆవిడ కిలోలు, నీ కిలోలు

బర్మింగ్‌హామ్

చెల్లీ,

నిన్న అమ్మ ఫోన్‌లో చెప్పిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్ చేస్తే "సరేలే అక్కా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు. మరిది గారికి కూడా చూపించు.

నువ్వూ మీ పైఫ్లోర్ ఆవిడా ఒకే నెలలో బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నారు. ఐదు నెలలకు ఆవిడ 31 కిలోలు తగ్గింది, నువ్వు 22 తగ్గావు. లిఫ్ట్‌లో కనపడినప్పుడల్లా ఆవిడ డ్రెస్ ఎంత వదులైందా అని చూసి, ఇంటికొచ్చి ఏడుస్తున్నావట. మొన్న గృహప్రవేశంలో ఎవరో "అన్ని లక్షలు పోసి ఇంతేనా?" అన్నారట కూడా. ఆ మాట వినగానే నాకు ఒళ్ళు మండింది. ఆపరేషన్ అయిన కొత్తలో ఒక గ్లాసు నీళ్ళు గుక్క గుక్కగా తాగడానికి నువ్వెంత అవస్థ పడ్డావో వాళ్ళకేం తెలుసు?

సరే, లెక్కే కావాలంటే లెక్కే చూద్దాం. ఆపరేషన్ రోజు నీ బరువు 104, ఆవిడది 138. నువ్వు తగ్గిన 22 కిలోలు నీ బరువులో 21 శాతం. ఆవిడ తగ్గిన 31 ఆవిడ బరువులో 22 శాతం. తేడా శాతమో, ఆ పైన కాస్తో! ఎక్కువ బరువుతో మొదలుపెట్టినవాళ్ళకు కిలోలు ఎక్కువ పోతాయి. నేను పనిచేసే వార్డులో కూడా ఫైల్లో శాతమే రాస్తాం, కిలోలు పక్కపక్కన పెట్టి చూడం.

పైగా మీ ఇద్దరివీ ఒకే ఆపరేషన్ కూడా కాదు. నీది స్లీవ్. పొట్టలో ముప్పాతిక వంతుకు పైగా తీసేసి అరటిపండులా సన్నటి గొట్టం మిగిల్చారు. ఆవిడకు ఎసిడిటీ బాగా ఉందని పొట్టకు బైపాస్ చేశారని నువ్వే చెప్పావు. అందులో పొట్ట పైభాగాన దాదాపు 30 మిల్లీలీటర్లు పట్టే సంచి చేసి, చిన్నపేగును తెచ్చి దానికి కలుపుతారు. సగటున బైపాస్‌లోనే కాస్త ఎక్కువ తగ్గుతారు. నీకేమో షుగర్, థైరాయిడ్ రెండూ ఉన్నాయి. షుగర్ ఉన్నవాళ్ళకు బరువు కొంచెం నెమ్మదిగానే దిగుతుంది. ఇవన్నీ చూసుకుంటే నువ్వు వెనకబడ్డావని ఏ డాక్టరూ అనడు.

బరువు కాటా బెడ్‌రూమ్‌లోకి తెచ్చుకుని పొద్దునా, మధ్యాహ్నం, రాత్రీ ఎక్కుతున్నావని అమ్మ చెప్పింది. దయచేసి దాన్ని బయట పెట్టెయ్. ఒక ఆవకాయ ముక్క ఎక్కువ తిన్నా, నెలసరి దగ్గరపడినా ఒంట్లో నీరు నిలిచి కిలో, కిలోన్నర ఎక్కువ చూపిస్తుంది. అది కొవ్వు కాదు. వారానికి ఒక్కసారి, పొద్దున లేవగానే చూసుకుంటే చాలు. మధ్యలో రెండు మూడు వారాలు ముల్లు కదలకుండా నిలబడిపోవడం అందరికీ ఉంటుంది. ఆవిడకూ ఉండే ఉంటుంది, నీతో చెప్పి ఉండదు.

ఇప్పటిదాకా రాసిందంతా ఒక ఎత్తు, ఇప్పుడు చెప్పేది ఒక ఎత్తు. ఆవిడను అందుకోవాలని నువ్వు రాత్రి భోజనం మానేశావట. పొద్దున కాఫీ, మధ్యాహ్నం మజ్జిగ, అంతేనట. చెల్లీ, ఇది విన్నాకే నాకు నిద్ర పట్టలేదు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. కండ తగ్గితే బరువు తగ్గడం ఇంకా మందగిస్తుంది. ఒక గుడ్డులో 6 గ్రాములే ఉంటుంది, కాబట్టి ఒక గుడ్డు తిని అయిపోయిందనుకోవద్దు. గుడ్లు, చేప, చికెన్, పనీర్, పెసరట్టు, గట్టి పెరుగు, ఏది పడితే అది కొంచెం కొంచెంగా, బాగా నమిలి తిను. ముందు ప్రొటీన్, అన్నం ఆఖర్న. తినేటప్పుడు నీళ్ళు వద్దు, అరగంట ఆగి తాగు.

జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోందని కూడా విన్నాను. మూడు నాలుగు నెలలప్పుడు ఊడటం మామూలే, మళ్ళీ వస్తుంది. కానీ తిండి మానేస్తే మరీ ఊడుతుంది. ఇంకో సంగతి గుర్తుపెట్టుకో. ఏం తిన్నా వాంతులవుతున్నా, కాళ్ళు తిమ్మిర్లెక్కినా, నడకలో తూలినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళు. బి1 విటమిన్ పడిపోతే నరాలు దెబ్బతింటాయి. అందులో ఆలస్యం పనికిరాదు.

ఐదో నెలలో ఎవరు ముందున్నారన్నదానికి ఏ విలువా లేదు. బరువు తగ్గడం ఏడాది, ఏడాదిన్నర దాకా సాగుతుంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి చేసిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో మొదట బాగా తగ్గినవాళ్ళకు కూడా తర్వాత కొంత బరువు తిరిగొచ్చింది. అయినా ఆపరేషన్ చేయించుకోనివాళ్ళతో పోలిస్తే వాళ్ళలో మరణాలు తక్కువ. మనకు కావలసింది అదీ. నాన్నకు కాళ్ళు పోవడానికి కారణం షుగరే కదా. నీకు పరగడుపున 180 ఉండే షుగర్ ఇప్పుడు 108కి వచ్చింది, మందు సగానికి తగ్గించారు. నాకు ఆ అంకె చాలు.

బిర్లా మందిర్‌కి వెళ్ళి మెట్లన్నీ ఎక్కావట, మధ్యలో కూర్చోలేదట! నా పెళ్ళయిన ఏడాది మనం వెళ్ళినప్పుడు నువ్వు కిందే బెంచీ మీద ఉండిపోయి, మమ్మల్ని పైకి వెళ్ళి రమ్మన్నావు. అమ్మ అది చెప్తూ ఏడ్చేసింది. ఇందిరా పార్కులో రోజూ నడుస్తున్నావు కదా, పైఫ్లోర్ ఆవిడను కూడా తోడు రమ్మను. ఆవిడ ఏం చెడ్డది కాదు, ఆవిడ భయాలు ఆవిడకూ ఉంటాయి.

ఈ వారంలో డైటీషియన్ దగ్గరకు వెళ్ళు, ఏమేం మానేశావో దాచకుండా చెప్పు. బ్లడ్ టెస్టులు కూడా చేయించుకో: ఐరన్, బి12, విటమిన్ డి, కాల్షియం. విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాల్సినవే, ఒంట్లో బాగుందని మానకు. రిపోర్టులు ఫొటో తీసి పంపు. ఆదివారం మీకు రాత్రయ్యాక ఫోన్ చేస్తాను. అప్పటికి భోజనం చేసి ఉండు, ఏం తిన్నావో అడుగుతాను.

మీ అక్క