పెనాంగ్ వెళ్తున్న చిట్టికి

చిట్టీ,

సంక్రాంతి సెలవుల్లో మీ అత్తయ్యగారితో కలిసి మలేషియాలోని పెనాంగ్ ద్వీపానికి వెళ్దామనుకుంటున్నామని నువ్వు పంపిన లిస్టు చూశాను. సగం కొట్టేశాను, కోప్పడకు. మొట్టమొదట కొట్టేసింది బతు ఫెరింఘి బీచిలో హోటలు. ఫోటోల్లో బాగానే ఉంటుంది. కానీ అది ద్వీపానికి ఉత్తరపు ఒడ్డు. చూడాల్సినవన్నీ ఉన్న జార్జ్‌టౌన్‌కి అక్కణ్ణుంచి ఒక్కటే రోడ్డు, అదీ కొండ అంచున మెలికలు తిరిగేది. మామూలుగా ముప్పావుగంట, శని ఆదివారాల సాయంత్రాలు ఎంతో చెప్పలేం. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి ఆ రోడ్డు మీద తిరిగితే మూడు రాత్రుల ట్రిప్పులో ఒక పూట కారులోనే పోతుంది. పోనీ సముద్రం గొప్పదా అంటే, నీళ్ళు మసక, జెల్లీ చేపల బెడద కూడా. స్నానానికే అయితే మన రుషికొండే నయం.

కాబట్టి బస జార్జ్‌టౌన్ పాతబస్తీలోనే. అక్కడ పాత కొట్టు ఇళ్ళను హోటళ్ళుగా మార్చారు. కింద దుకాణం, పైన కాపురం ఉండే ఇరుకు పొడవాటి ఇళ్ళవి. ముచ్చటగా ఉంటాయి కానీ చాలావాటికి లిఫ్టు ఉండదు, చెక్క మెట్లు నిటారుగా ఉంటాయి, కొన్ని గదులకి కిటికీయే ఉండదు. అత్తయ్యగారి మోకాళ్ళ సంగతి చెప్పి కింది అంతస్తు గది కావాలని బుక్ చేసేముందే మెయిల్ రాసి జవాబు తెప్పించుకో. చూలియా వీధి, లవ్ లేన్ చుట్టూ రాత్రి చాలాసేపు పాటల హోరు ఉంటుంది. ఆర్మీనియన్ వీధి, ముంత్రి వీధి వైపు చూడు. గది అద్దె కాక విదేశీయుల దగ్గర గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను, పైన కొద్దిపాటి స్థానిక రుసుము అక్కడే వసూలు చేస్తారు. అది మోసమేమీ కాదు, వాదించకండి.

సంక్రాంతి వారం ఎంచుకోవడం బాగుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా అక్కడ వానలు తక్కువ, సెప్టెంబరు, అక్టోబరుల్లో అయితే దంచేస్తాయి. సాధారణంగా తైపూసం అనే మురుగన్ పండుగ, చైనీయుల కొత్త సంవత్సరం ఆ తరువాతే వస్తాయి. తైపూసానికి ఊరంతా రథం వెనకే ఉంటుంది, గదులు దొరకవు. చైనీయుల పండక్కి తిండి బండ్లవాళ్ళు చాలామంది కొట్లు కట్టేసి ఇళ్ళకి పోతారు. తేదీలు మాత్రం ఏటా మారతాయి, చూసుకో. కౌలాలంపూర్ జనం శని ఆదివారాలు వచ్చి పడతారు కనుక సోమవారం దిగి గురువారం బయల్దేరండి.

చెన్నై నుంచి ఇండిగో నేరుగా పెనాంగ్‌కి నడుపుతోంది. హైదరాబాదు నుంచి అయితే కౌలాలంపూర్‌లో మారాలి, అక్కణ్ణుంచి గంట ప్రయాణం. రెండు టికెట్లు విడివిడిగా కొంటే కౌలాలంపూర్‌లో ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్ళీ చెక్ ఇన్ చెయ్యాలి. పైగా అక్కడ టెర్మినళ్ళు రెండు. ఎయిర్ ఏషియా టెర్మినల్ 2 లో, మలేషియా ఎయిర్‌లైన్స్ టెర్మినల్ 1 లో. మధ్యలో నడిచి వెళ్ళే దారి లేదు, రైలెక్కాలి. రైలు మూడు నిమిషాలే, కానీ ఇమిగ్రేషన్ వరస ఎంతుంటుందో తెలియదు. నాలుగు గంటల ఎడం లేకపోతే అలా కొనకు. ఒకే టికెట్ మీద కొంటే రెండో విమానం తప్పినా వాళ్ళే ఎక్కిస్తారు, ఆ ధీమాకి రెండు మూడు వేలు ఎక్కువైనా ఫరవాలేదు.

వీసా లేకుండా 30 రోజుల దాకా మనవాళ్ళని 2023 డిసెంబరు నుంచి రానిస్తున్నారు. ఆ వెసులుబాటు 2026 చివరిదాకా అని ప్రకటించారు. ఆ తరువాతి తేదీకి వెళ్ళేట్టయితే పొడిగించారో లేదో చూశాకే డబ్బు కట్టు. వీసా లేకపోయినా ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, దిగే రోజుకి మూడు రోజుల లోపల, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. అది ఉచితం. డబ్బు అడిగే సైటు వచ్చిందంటే దళారీలదని అర్థం, మూసెయ్.

విమానాశ్రయం బయాన్ లెపాస్‌లో ఉంది, ఊరికి 16 కిలోమీటర్లు. 401 నంబరు బస్సు వస్తుంది కానీ డ్రైవరు చిల్లర ఇవ్వడు, సామానుతో పెద్దావిడని ఎక్కించడం ఎందుకు? టాక్సీ పిలిచే గ్రాబ్ యాప్ ఇక్కడే ఫోన్లో పెట్టుకుని కార్డు కలిపి ఉంచుకో. సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య దిగితే అరగంట దారి గంట దాటుతుంది. విమానాశ్రయం పక్కనే ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, షిఫ్టు వదిలే వేళ అది. దారిలో కుడిచేతి వైపు సముద్రంలో పచ్చటి దీవి కనిపిస్తుంది, పులావ్ జెరెజాక్. మద్రాసు, నాగపట్నం ఓడల్లో తోటల పనికి వచ్చిన కూలీలని ఊళ్ళోకి వదలకముందు అక్కడి క్వారంటైన్‌లో ఉంచేవారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అత్తయ్యగారికి చూపించు.

ఊరు నడిచి చూడాల్సింది, అదీ పదకొండు లోపల. ఆ తరువాత ఎండకి ఉక్క తోడవుతుంది. మంగళవారం ఏడున్నరకే బయటపడండి. సెయింట్ జార్జి చర్చి దగ్గర మొదలుపెట్టి దక్షిణంగా నడవండి. 1818లో కట్టిన ఆంగ్లికన్ చర్చి అది. అక్కణ్ణుంచి ఒకే వీధిలో, కిలోమీటరు లోపలే, చైనీయుల కరుణాదేవి గువాన్ యిన్ గుడి, 1833 నాటి మహామారియమ్మన్ కోవెల, 1801లో దక్షిణాది ముస్లిం వర్తకులు వేసిన కపితాన్ కెలింగ్ మసీదు వరసగా వస్తాయి. కోవెల గోపురం పక్కనున్న క్వీన్ వీధిలోకి తిరిగి ఉంటుంది, పెద్ద వీధిలో నుంచుని వెతికితే వీపే కనిపిస్తుంది. మధ్యాహ్నం మూసేస్తారు, కాబట్టి పొద్దున్నే దర్శనం. మసీదులోకి నమాజు వేళలు కాకుండా వెళ్ళండి. ఒళ్ళు కప్పుకునే అంగీలు వాళ్ళే ఇస్తారు. చివర్లో ఖూ కొంగ్సీ. ఖూ ఇంటిపేరువాళ్ళు 1901లో కాలిపోయిన తమ వంశమందిరాన్ని 1906 నాటికి మళ్ళీ కట్టుకున్నారు. కప్పు మీది శిల్పం చూడ్డానికే అరగంట పడుతుంది. టికెట్ ఉంది, ఐదింటికి మూసేస్తారు.

దారి తప్పే చోటొకటి చెప్తా. ఒక్కో వీధికి రెండు పేర్లు, పాత ఇంగ్లీషుది, మలయ్‌ది. మార్కెట్ స్ట్రీట్ అన్నా లెబుహ్ పసార్ అన్నా ఒకటే. కానీ పెనాంగ్ స్ట్రీట్, పెనాంగ్ రోడ్డు మాత్రం వేరువేరు! మనవాళ్ళ బజారు లిటిల్ ఇండియా ఉన్నది పెనాంగ్ స్ట్రీట్‌లో, చెందోల్ అనే తీపి అమ్మే పేరుమోసిన బండి పెనాంగ్ రోడ్డు పక్క సందులో. గ్రాబ్‌లో గుర్తు పెట్టేటప్పుడు ఇది చూసుకో. ఇళ్ళ ముందు వసారాలు నడవడానికే కట్టారు గానీ మోటారు సైకిళ్ళూ కుండీలూ అడ్డం. మాటిమాటికీ రోడ్డు మీదకి దిగాలి, అరుగుల ఎత్తులూ ఒక్కలా ఉండవు. అత్తయ్యగారు అలసిపోతే మూడుచక్రాల రిక్షా మాట్లాడండి, గంటకి ఎంతో ముందే తేల్చుకుని ఎక్కండి. గోడ బొమ్మల కోసం మీ ఆయన ఆర్మీనియన్ వీధికి తొమ్మిది లోపల వెళ్ళాలి, లేకపోతే సైకిలు పిల్లల బొమ్మ దగ్గర ఫోటోకి క్యూ. 2012లో వేసినవి, కొన్ని వెలిసిపోయాయి. నన్నడిగితే ఆ టైమేదో పెరనకన్ మాన్షన్‌లో పెట్టడం మేలు. మలయ్ పద్ధతులతో కలిసిపోయిన చైనీయుల ఇంటి సామాను, నగలు, పూసల చెప్పులు అక్కడున్నంత బాగా ఇంకెక్కడా దొరకవు. ఏసీ ఉన్న మ్యూజియాలకి మధ్యాహ్నం సరైన వేళ.

ఇక తిండి. నీకూ మీ ఆయనకీ స్వర్గమే, అత్తయ్యగారితోనే చిక్కు. అక్కడ కూరగాయల వంటకం అన్నంతమాత్రాన శాకాహారం కాదు. తోటకూరలాంటి కాంగ్‌కుంగ్ వేపుడులో బెలచాన్ వేస్తారు, అది రొయ్యల ముద్ద. పళ్ళ ముక్కల రోజాక్ చూసి పళ్ళే కదా అనుకుంటారు, పైన పోసే నల్లటి పాకం కూడా రొయ్యలదే. అసమ్ లక్సా అనే నూడుల్స్ పులుసంతా చేప. చార్ క్వే త్యావ్ అనే నూడుల్స్ వేపుడు చాలాచోట్ల పంది కొవ్వుతో వేపుతారు, మీరు పంది తినరు కాబట్టి మీరిద్దరూ అడిగే తినండి. పరోటాలాంటి రొట్టె చనాయ్‌తో పప్పు ఇస్తారు గానీ మాంసం పులుసు గరిటె అందులో ముంచడం మామూలే, విడిగా పొయ్యమని చెప్పు. ఆవిడకి లిటిల్ ఇండియాలోని శాకాహార హోటళ్ళు రెండు పూటలకి చాలు, ఇడ్లీ, దోసె, అరిటాకు భోజనం అన్నీ ఉంటాయి. చైనీయుల శాకాహార హోటళ్ళలో బౌద్ధ నియమం ప్రకారం ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. కానీ సోయాతో అచ్చం చేప ముక్కలా, కోడి ముక్కలా చేసి పెడతారు, చూసి ఉలిక్కిపడకుండా ముందే చెప్పి ఉంచు. చెందోల్‌కి భయం లేదు. కొబ్బరిపాలు, తాటిబెల్లంలాంటి పాకం, ఆకుపచ్చ సేమ్యా, ఎర్ర చిక్కుడు గింజలు, అంతే.

నాసి కందార్ కొట్లో అన్నం మీద నాలుగు పులుసులు కలిపి పోస్తారు, అదే దాని రుచి. దాగింగ్ అన్నారంటే గొడ్డుమాంసం, ఆయామ్ కోడి, ఊదాంగ్ రొయ్య. పెద్ద రొయ్య ధర ముందే అడగండి, బిల్లు పెరిగేది దాంతోనే. బండ్ల దగ్గర పద్ధతి ఏమిటంటే, ముందు బల్ల పట్టుకుని, దాని నంబరు బండివాడికి చెప్పాలి. ప్లేటు తెచ్చినప్పుడు డబ్బివ్వాలి. తాగేది మాత్రం ఆ ఆవరణవాడి దగ్గరే కొనాలి, బయటి సీసా తెస్తే రుసుం వేస్తారు. కాఫీ, టీ మామూలుగా అడిగితే డబ్బాలో వచ్చే తియ్యటి కండెన్స్‌డ్ పాలు పోసి చిక్కగా తియ్యగా ఇస్తారు. అత్తయ్యగారికి షుగరు కదా, తే ఓ కొసొంగ్ అని అడుగు, పాలూ పంచదారా లేని టీ ఇస్తారు.

బుధవారం పెనాంగ్ కొండ. ముందు కొండ, తరువాతే కెక్ లోక్ సీ గుడి, ఈ వరస తిరగెయ్యకు. మధ్యాహ్నానికి కొండ మీద మబ్బు కమ్మి ఏమీ కనపడదు, రైలు క్యూ కూడా గంట దాటుతుంది. 1923లో మొదలైన తాళ్ళ రైలు మార్గం అది, ఇప్పటి బోగీలు 2011 నాటివి. దాదాపు 2 కిలోమీటర్ల ఏటవాలు. విదేశీయులకి రానూపోనూ 30 రింగిట్ల చుట్టుపక్కల ఉంటుంది. క్యూ తప్పించే టికెట్ దానికి రెండింతలకు పైనే, ఎనిమిదింటికల్లా కింది స్టేషనుకి చేరితే దాని అవసరం రాదు. అప్పుడప్పుడు మరమ్మతులకి ఆపుతారు, వారం ముందు వాళ్ళ సైటు చూడు. పైన గుడీ మసీదూ దగ్గర దగ్గరలోనే ఉంటాయి. చల్లగా ఉంటుంది, అత్తయ్యగారికి శాలువా.

దిగాక కెక్ లోక్ సీకి గ్రాబ్‌లో పది నిమిషాలు. కింది బజారులోంచి మెట్లెక్కకుండా పై పార్కింగ్ దాకా వెళ్ళండి, అక్కణ్ణుంచి గువాన్ యిన్ కంచు విగ్రహానికి వాలు లిఫ్టుంది. ఏడంతస్తుల పగోడా మాత్రం ఎక్కాల్సిందే, అడుగు చైనా తరహా, నడుము థాయ్, శిఖరం బర్మా. ఆవిణ్ణి కింద కూర్చోబెట్టి మీరిద్దరూ ఎక్కి రండి. గుడిలోనే శాకాహార భోజనశాల ఉంది. నువ్వు రాసిన జలపాతం దగ్గరి మురుగన్ గుడికి 513 మెట్లు. మీ ఆయనకి ఓపికుంటే తెల్లవారకుండా వెళ్ళి రావచ్చు, ప్లానులో పెట్టకు.

గురువారం పొద్దున విమానానికి ముందు రెండు గంటలు మిగిలితే లోరోంగ్ బర్మా అనే వీధికి వెళ్ళండి. 33 మీటర్ల పవళించిన బుద్ధుడున్న థాయ్ గుడి, ఎదురుగానే 1803 నాటి బర్మా గుడి. రెండూ సమతలం మీదే, మోకాళ్ళకి సుఖం.

నగదు మనిషికి 300 రింగిట్లు దగ్గరుంచుకోండి, బండ్లవాళ్ళకి కార్డులు పనికిరావు. రింగిట్ మన ఇరవై రూపాయల పైచిలుకు. మన ప్లగ్గులు అక్కడ పట్టవు, మూడు చదరపు పుల్లల అడాప్టరు ఇక్కడే కొను. బిస్కెట్లు తెచ్చేట్టయితే తావ్ సార్ పియా కొనేముందు పంది కొవ్వు ఉందేమో అడుగు, కొన్నిట్లో ఉంటుంది. జాజికాయ ఒరుగులు, నూనె నిర్భయంగా తేవచ్చు.

అత్తయ్యగారి పాస్‌పోర్టుకి దిగే రోజు నుంచి ఆరు నెలలు గడువుండాలి. టికెట్లకి ముందు ఆ పేజీ ఫోటో తీసి ఇవాళే పంపు.

అమ్మ